పట్టు వదలమన్నారు

నడుము పట్టుకున్నవాడికి సలహా చెప్పని మనిషి మా ఊళ్ళో ఒక్కడూ లేడు. ఎక్కడికి వెళ్ళాలో అందరూ చెప్పారు. వెళితే అక్కడ ఏం జరుగుతుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. పరగడుపున వెళ్ళాలని చెప్పలేదు. పాత పంచె కట్టుకోవాలని చెప్పలేదు. చివర్లో తన్ను ఉంటుందని అసలే చెప్పలేదు. ఇన్నేళ్ళు గడిచాయి కాబట్టి మరిచిపోయి ఉంటానని వాళ్ళు అనుకుంటే అది వాళ్ళ పొరపాటు. ఎవరెవరు ఏమేమి చెప్పకుండా దాచారో నాకు వరసగా గుర్తుంది.

అరవైల మొదట్లో మాట ఇది. బోగోలుకు దగ్గర్లో ఒక ఊరి పోస్టాఫీసులో గుమాస్తాగా ఉన్నాను. ఒక బుధవారం పొద్దున తపాలా సంచి వచ్చి వాకిట్లో పడి ఉంటే, పోస్టుమాను వచ్చేదాకా ఆగకుండా నేనే ఎత్తబోయాను. నడుములో కళుక్కుమంది. ఎత్తిన సంచిని దించలేక, మోయలేక, దాన్ని కావలించుకొని వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. కార్డు కొనడానికి వచ్చిన ఒక పెద్దమనిషి నా పక్కనే నిలబడి, నేనెప్పుడు సంచిని వదిలి కార్డు ఇస్తానా అని ఓపికగా ఎదురు చూశాడు. ఏమైందని అడగలేదు. ఆయన తరవాత ఎన్నిసార్లు కార్డులు కొన్నా నేను ఆయనకు మూలలు నలిగినవే ఇచ్చాను.

ఆ రోజు నుంచి నేను నిలబడగలను, పడుకోగలను. ఆ రెంటికీ మధ్యలో ఉన్న పనేదీ నాకు చేతకాలేదు. ముఖ్యంగా నేల మీద బాసిపట్లు వేసుకొని కూర్చోవడం.

వేరే సమయమైతే నిలబడే కాలం గడిపేవాణ్ణి. కానీ సరిగ్గా పదకొండు రోజులకు, ఆదివారం నాడు, బుచ్చిరెడ్డిపాలెంలో మా చెల్లెలి కూతురికి చెవులు కుట్టించడానికి ముహూర్తం పెట్టారు. పిల్లకు మూడో ఏడు. చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. మేనమామ పీట మీద బాసిపట్లు వేసుకొని కూర్చుంటేనే ఒడి అనేది ఒకటి ఏర్పడుతుంది. నిలబడ్డవాడికి ఒడి లేదు. పడుకున్నవాడికీ లేదు.

నాకు ఒడి లేకపోతే ఆ ఒడి ఎవరికి పోతుందో నాకు తెలుసు. మా చిన్నాన్న కొడుకు వెంకటాచలంలో ఉండేవాడు. నాకంటే మూడు నెలలు చిన్న. వరసకు వాడూ ఆ పిల్లకు మేనమామే. వాడి సంగతి తెలియాలంటే నాలుగేళ్ళు వెనక్కి, మా చెల్లెలి పెళ్ళికి పోవాలి. హోమం దగ్గర పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది అన్న. అన్నను నేను. ఆ సమయానికి పెట్రోమాక్సు లైటు మసకబారితే, ఎవరూ పట్టించుకోవడం లేదని నేనే పందిరి బయటికి తీసుకుపోయి గాలి కొడుతున్నాను. లోపల పురోహితుడు పెళ్ళికూతురి అన్న ఎక్కడని పిలిచాడు. వీడు నేనున్నానని వెళ్ళి పోసేశాడు. నేను దీపం వెలిగించి తెచ్చింది వాడు పోస్తున్న పేలాలు అందరికీ బాగా కనబడడానికన్నమాట. ఆ తరవాత వాడితో నేను మాట్లాడలేదు. మాట్లాడడం లేదని వాడు గమనించినట్టు కూడా లేదు, అది ఇంకో అవమానం.

నడుము పట్టిన నాలుగో రోజున సంచిలో నాకే ఒక కార్డు వచ్చింది. చెల్లెలి అత్తగారు రాయించింది. నాకు నడుము పట్టిందని మా ఆవిడ నన్ను అడగకుండానే ఉత్తరం రాసిందట, అది చూసి ఆమె దిగులు పడిందట. ‘నువ్వు ఇబ్బంది పడొద్దు నాయనా, వెంకటాచలం అబ్బాయి పనులకు సాయంగా ఇక్కడే ఉన్నాడు, పిల్లను అతను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడులే’ అని ఉంది. ఆమెకు రాయడం రాదు. అక్షరాలు చూడగానే గుర్తుపట్టాను. అవి మా చిన్నాన్న కొడుకువి. నా ఒడిని తనకు ఇచ్చుకుంటూ వాడే రాసుకున్న కార్డు మీద, ఉద్యోగ ధర్మం కాబట్టి, మా ఊరి తారీఖు ముద్ర నేనే కొట్టాను. కాస్త గట్టిగానే కొట్టాను.

అప్పటికే కావలి డాక్టరు ఇచ్చిన మందు పూయడం అయింది. వేడి ఇటుక కాపడం అయింది. ఇటుకను గుడ్డలో ఎన్ని మడతలు చుట్టాలో చెప్పనందుకు పక్కింటావిడ మీద నాకు వేరే ఫిర్యాదు ఉంది, అది ఇక్కడ అనవసరం. చివరికి మా పోస్టుమాను, కార్డులన్నీ పంచకముందే చదివేసే మనిషి, నా కార్డు కూడా చదివేసి, సముద్రం ఒడ్డున జాలర్ల పాలెంలో ఒక ముసలాయన ఉన్నాడని చెప్పాడు. వలలు లాగి భుజాలు, నడుములు పట్టేసిన వాళ్ళందరికీ నూనె పూసి పట్టు తీస్తాడట. ఏమీ పుచ్చుకోడట. ఉత్తరాలివ్వడానికి గురువారం ఎలాగూ పోతాను కాబట్టి వెంట రమ్మన్నాడు.

ఏం చేస్తాడని అడిగాను. "పామతాడు సార్, అంతే" అన్నాడు. ఆ ‘అంతే’ అన్న మాటను ఇప్పటికీ క్షమించలేదు.

గురువారం పొద్దున, దూరం పోతున్నాం కదా అని, రెండు గిన్నెల చద్దన్నం, అందులోకి ముందురోజు చేపల పులుసు తిన్నాను. కొత్తవాళ్ళ దగ్గరికి పోతున్నాం కదా అని చాకలి ఇంటి నుంచి వచ్చిన గంజి పంచె కట్టాను. ఎడ్లబండిలో కూర్చోలేను కాబట్టి గడ్డి మీద బోర్లా పడుకున్నాను. కాళ్ళు ఎడ్ల వైపు, తల వెనక వైపు. దారి పొడుగునా ఎదురైన ప్రతివాడూ ముందు ఎడ్లను చూసి, తరవాత పోస్టుమానును చూసి, బండి దాటాక నా మొహం చూసి ఉలిక్కిపడ్డాడు. కాలవ దగ్గర బండి ఆపి పడవలో దాటాం. పడవలో నేనొక్కణ్ణే నిలబడ్డాను. మునిగితే నీదే పూచీ అని పడవవాడు అన్నాడు.

పాలెంలో తాటాకు పందిరి కింద నా కంటే ముందు ఇద్దరున్నారు. ఒకడు వలలవాడు, భుజం ఎత్తలేడు. ఇంకొకాయన మోకాలు వాచిన తాత. నేను ప్రభుత్వ ఉద్యోగినని, సెలవు పెట్టి వచ్చానని పోస్టుమాను చేత చెప్పించాను. లోపలినుంచి ఒక ఆడగొంతు నొప్పికి ఉద్యోగం ఉండదని, వరసలో ఉండమని చెప్పింది. ఆవిడ ముసలాయన భార్య. నాకు కనబడలేదు. గొంతే వినబడింది. ఆ గొంతు సంగతి తరవాత వస్తుంది.

నా వంతు వచ్చాక ముసలాయన ఎక్కడ నొప్పి అని అడగలేదు. ఒడ్డున ఉన్న పడవ దాకా నడిచి వెనక్కి రమ్మన్నాడు. నడిచాను. ముసలాయన నా పాదాలు చూశాడు, మిగతా పాలెం అంతా నన్ను చూసింది. మోకాలు తాత, ఎవరూ అడగకుండానే, ఎండ్రకాయ కూడా ఇంతకంటే నేరుగా నడుస్తుందని అన్నాడు. ముసలాయన కాదనలేదు.

తరవాత చొక్కా తీయమన్నాడు. తీశాను. బనియను తీయమన్నాడు. తీశాను. పంచె తీయమన్నాడు. గంజి పెట్టిన పంచె నేను తీయలేదు, అది నాతో పాటే నిలబడింది, నేను దాంట్లోనుంచి బయటికి వచ్చాను. ఒక పాత గుడ్డ ఇచ్చి గోచీ పెట్టుకోమన్నారు. వంగలేని మనిషి గోచీ ఎలా పెట్టుకుంటాడో వాళ్ళు ఆలోచించలేదు. పోస్టుమాను పెట్టాడు. మరుసటి రోజునుంచి అతన్ని నేను ఆఫీసులో గట్టిగా ఏమీ అనలేకపోయాను.

చాప మీద బోర్లా పడుకున్నాను. చద్దన్నం, చేపల పులుసు నా కింద పడుకున్నాయి. ఏం తిని వచ్చావని ముసలాయన అప్పుడు అడిగాడు. చెప్పాను. పందిరి కింద అందరూ ఒకేసారి అయ్యో అన్నారు. పరగడుపున రావాలని బోగోలులో పసిపిల్లకు కూడా తెలుసని తాత అన్నాడు. బోగోలులో పసిపిల్లలెవరూ నాకు చెప్పలేదు.

ఆముదంలో వెల్లుల్లి, వాము, ఇంకా ఏవో ఆకులు వేసి కాచిన నూనె అది. వేడిగా ఉంది. మొదటి ధార పడగానే నాకు గుర్తొచ్చింది మా ఇంట్లో ఊరగాయ పెట్టే రోజు. తేడా ఏమిటంటే ఆ రోజు నేను జాడీ బయట ఉండేవాణ్ణి. మెడ నుంచి తుంటి దాకా అరచేత్తో పాముతూ, అక్కడక్కడా ఆగి వేలితో పొడిచి చూస్తూ, చివరికి నడుము దగ్గర రెండు బొటనవేళ్ళూ దించి, ముసలాయన మెల్లగా అన్నాడు.

"పట్టు వదలండి సామీ."

నాకు ఒళ్ళు మండింది. పోస్టుమాను ఆ కార్డు చదవడమే కాక, అందులో సంగతి ఇక్కడ మోసుకొచ్చి చెప్పాడన్నమాట. అతని వైపు కోపంగా చూద్దామంటే మెడ తిరగలేదు. చాపకే చెప్పాను.

"నేను వదలను."

"వదలకపోతే ఎట్టా. చూడండి ఎట్టా పట్టి పెట్టుకోనుండారో. ఇంత పట్టు పనికిరాదు."

"నాలుగేండ్లుగా పట్టుకోనుండా. ఇప్పుడు వదిలేదానికా ఇంత దూరం వచ్చింది?"

ముసలాయన వేళ్ళు ఆగాయి. "నాలుగేండ్లా? వారమని చెప్పినాడే మీ పోస్టుమాను." ఇంకాస్త నూనె తెమ్మని లోపలికి కేక వేశాడు. "నాలుగేండ్లదయితే ఒక పూటలో తగ్గదు సామీ."

"తగ్గాల్సింది నేను గాదు. వాడు."

"వాడెవురు?"

"వెంకటాచలంలో ఉండే మా చిన్నాన్న కొడుకు."

ముసలాయన చేతికి ఇంకాస్త నూనె రాసుకున్నాడు. "ఆయనకు గూడా నడుమేనా?"

వాడికి నడుము కాదని, బుద్ధి లేదని, అసలు జరిగిందేమిటో తెలియకుండా పట్టు వదలమనడం పెద్దమనిషికి తగదని చెప్పి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. చాప మీద మొహం పెట్టి చెబుతుంటే గొంతు సరిగా రావడం లేదని తాత గట్టిగా చెప్పమన్నాడు. గట్టిగా చెప్పాను. భుజం పట్టినవాడు దగ్గరికి జరిగాడు. వల బాగు చేసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్ళు వల ఇటు ఈడ్చుకొని వచ్చారు. పెళ్ళి పందిరి, విడిది, దీపం, మసక, అన్నీ చెప్పాను. ముసలాయన ఒక్క మాట కూడా అడ్డం రాకుండా ఊఁ కొడుతూ, ఊఁ కొట్టినప్పుడల్లా బొటనవేళ్ళు ఇంకాస్త లోపలికి దించుతున్నాడు. ఎప్పుడు ఒళ్ళు బిగబట్టడం మానేశానో నాకే తెలియదు. వెనక గాజుల చప్పుడయింది. ఎవరో వినడానికి వచ్చారనుకున్నాను.

"పెండ్లికూతురి అన్న యాడుండాడని అయ్యవారు పిలిచినాడు. నేనేమో బయట లైటుకి గాలి కొడతా..."

తన్ను పడింది.

దెబ్బ గట్టిది కాదు. మడమతో, కొలిచినట్టు, ఒకే ఒక్కటి. తలుపు గడియ తీసినట్టు నడుములో టక్కుమంది. నేను ఆ మాటను పూర్తి చేయలేకపోయాను. ఆవిడ ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషని, అలా పుట్టినవాళ్ళు తంతే నడుము పట్టు పోతుందని, ముసలాయన నూనె పూసి మెత్తబరిస్తే ఆమె ఆ చివరి పని చేస్తుందని, ఆ పని మనిషికి తెలియకుండా చేయాలి కాబట్టే ఎవరూ ముందు చెప్పరని, ఇదంతా తరవాత తెలిసింది. ఆ నిమిషాన నాకు తెలిసిందల్లా ఒకటే. నా జన్మలో నన్ను ఎవరూ తన్నలేదు, ఇప్పుడెవరో పేలాల దగ్గర తన్నారు.

ఎవరు తన్నారని అడగడానికి దిగ్గున లేచాను. లేచాక గాని లేచానని గమనించలేదు.

"అట్నే నడుచుకుంటా పోండి. కాలవ దాటేదాకా వెనక్కి తిరిగి చూడొద్దు. చూస్తే మళ్ళీ పడతాది" అంది వెనకనుంచి ఆ గొంతు.

వెనక్కి చూడొద్దని చెప్పాల్సిన మనుషులు లోకంలో చాలామంది ఉన్నారు. నాకు చెప్పడం అన్యాయం. నేను బతికిందే వెనక్కి చూస్తూ. అయినా ఆదివారం గుర్తొచ్చింది, పీట గుర్తొచ్చింది. పోస్టుమాను నా మీద పంచె కప్పితే, ఎదురుగా కాలవను చూసుకుంటూ నడిచాను. వంద అడుగులు పోయి ఉంటాను, మోకాలు తాత కేక వేశాడు.

"సామీ, పేలాలు ఎవురు పోసినారో చెప్పి పోండి."

ఆగాను. న్యాయంగా అడిగిన ప్రశ్న. తిరగడానికి లేదు. కాబట్టి కాలవ వైపే నిలబడి, వెనకవాళ్ళకు వినబడాలని గొంతెత్తి, "పోసిందెవుడో చెప్తా వినండి" అన్నాను. అవతలి ఒడ్డున పడవవాడు తననే అంటున్నాననుకొని లేచి నిలబడి, నేనేమీ పొయ్యలేదు సామీ అన్నాడు. అతన్ని కూర్చోమని చెప్పి, మిగతా కథంతా కాలవకు చెప్పాను. కార్డు సంగతి, ముద్ర సంగతి, ఆదివారం ఒడి సంగతి కూడా చెప్పాను. వెనకనుంచి ఆవిడ గొంతు మధ్యలో ఏదో అరిచింది. నేను చెబుతున్నప్పుడు ఎవరైనా అడ్డం వస్తే నేను వినను. అది నా అలవాటు.

అంతా అయ్యాక తాత తీర్పు చెప్పాడు. "ఆయన గూడా అన్నేగదా సామీ. ఎవురు పోస్తే ఏంది, పెండ్లయితే అయిందిగదా."

పాలెం నవ్వింది. సముద్రం కంటే గట్టిగా వినబడింది. తిరిగి ఆ తాతకు నాలుగు మాటలు చెప్పకుండా కాలవ దాటడం నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద త్యాగం. దాన్ని ఎవరూ గుర్తించలేదు.

మూడు రోజులు ఒంటికి నీళ్ళు తగలకూడదని ముసలాయన ముందే చెప్పాడు. గురువారం, శుక్రవారం, శనివారం. చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించేవాణ్ణి నేను. మా ఆవిడ నా చాప వరండాలోకి మార్చింది. ఆఫీసులో కార్డులు కొనేవాళ్ళు దూరంనుంచే చెయ్యి చాపి తీసుకున్నారు. చాకలి నా పంచెను కర్రతో ఎత్తి చూసి, ఇది వంటింట్లో పెట్టుకోండని తిరిగి ఇచ్చేశాడు. ఆదివారం పొద్దున తలంటుకొని సున్నిపిండితో రుద్దుకున్నాను. సున్నిపిండికి వెల్లుల్లి వాసన పట్టింది గాని నాకు పట్టిన వాసన పోలేదు. బుచ్చిరెడ్డిపాలెం బస్సులో ముగ్గురు పట్టే సీటు మొత్తం నాకే దక్కింది. మా ఆవిడ రెండు సీట్లు ముందు, నేనెవరో తెలియనట్టు కూర్చుంది.

నేను వెళ్ళేసరికి మా చిన్నాన్న కొడుకు కొత్త పట్టుపంచెలో ఉన్నాడు. పీట మీదే ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఊరకే పీట కదులుతుందేమోనని కూర్చుని చూశానని, నా కోసమే తుడిచి పెట్టానని చెప్పాడు. అందరూ చూస్తుండగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, గోడను ఆనుకోకుండా కూర్చున్నాను. బాసిపట్లు వేశాను. ఒడి ఏర్పడింది. నాలుగేళ్ళలో అంత మంచి నిమిషం నాకు రాలేదు.

పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. అది నా మొహంలోకి చూసింది. ముక్కు ఎగబీల్చింది. మళ్ళీ చూసింది. "ఊగాయ" అంది.

అందరూ విన్నారు. అంతటితో ఆగక మా చిన్నాన్న కొడుకు వైపు చేతులు చాపి ఏడుపు అందుకుంది. వాణ్ణి పట్టుకోమందామని మా బావ నోరు తెరిచాడు. నేను పిల్లను రెండు చేతులా చుట్టేసి, కుట్టమని కంసాలి ఆచారికి చెప్పాను. ఆచారి ముక్కు పక్కకు తిప్పుకొని, బంగారు తీగ తీసి, మొదటి చెవి కుట్టాడు. పిల్ల కెవ్వుమని రెండు కాళ్ళూ ఎత్తి నా పొట్టలో తన్నింది. రెండో చెవికి మా చిన్నాన్న కొడుకు వచ్చి దాని కాళ్ళు పట్టుకున్నాడు. కాళ్ళు మాత్రమే. ఒడి నాది. ఇది నేను స్పష్టంగా రాయాల్సిన విషయం, ఎందుకంటే తరవాత దీన్ని వేరేగా చెప్పుకున్నారు.

బెల్లం ముక్క నోట్లో పెడితే పిల్ల ఏడ్చి ఏడ్చి ఒళ్ళోనే నిద్రపోయింది. అందరూ భోజనాలకు లేచారు. నేను లేవలేదు.

లేవకపోవడానికి పిల్ల నిద్రపోతోందని చెప్పాను. చెల్లెలు మురిసిపోయింది. మేనమామ అంటే ఇలా ఉండాలని ఎవరో అన్నారు. నిజమేమిటంటే, ఆ తన్ను పడ్డప్పుడే నడుములో మళ్ళీ కళుక్కుమంది. మొదటి పంక్తి లేచింది. రెండో పంక్తి కూర్చుంది. పిల్ల నిద్ర లేచి దిగి ఆడుకోవడానికి పోయింది. ఇప్పుడు ఖాళీ ఒడితో ఎందుకు కూర్చున్నానో చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. పీటను ముచ్చటగా చూస్తున్నట్టు చూశాను.

మా చిన్నాన్న కొడుకు వచ్చి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"లెయ్యలేకుండావు గదా అన్నా."

"కూచ్చోవాలనిపించింది, కూచ్చున్నా."

నాలుగేళ్ళ తరవాత నేను వాడితో అన్న మొదటి మాట అదే. అన్నాక గాని గమనించలేదు. వాడు కూడా దాన్ని పట్టుకొని సాగదీయలేదు.

"రెండో పంక్తిగూడా లేస్తుండాది. పాయసం అడుగంటింది." రెండు చేతులూ చాపాడు. "పట్టుకో."

వదలమన్నవాళ్ళే తప్ప పట్టుకోమన్నవాళ్ళు ఆ రెండు వారాల్లో నాకు తగల్లేదు. పట్టుకున్నాను. వాడు లాగాడు. నేను లేవలేదు, వాడు పడ్డాడు. పట్టుపంచె ఇంకా జిడ్డు వదలని నా ఒంటికి రాసుకొని, దాని మీద నా చెయ్యి అంత మచ్చ పడింది. అది నేను కావాలని చేయలేదు. విచారించనూ లేదు.

ఆ చప్పుడుకు చెల్లెలి అత్తగారు వచ్చింది. సంగతి చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "దీనికి సముద్రం దాకా ఎందుకు పోయినావు నాయనా. మన పిల్ల ఎదురుకాళ్ళతో పుట్టిందే గదా. ఇక్కడికొచ్చుంటే నాలుగు అడుగులు తొక్కించేదాన్ని."

మా చెల్లెలికి తెలుసు. మా బావకు తెలుసు. మా ఆవిడ, తనూ విన్నట్టే గుర్తని అంది. మా చిన్నాన్న కొడుకుకు పిల్ల పుట్టిన రోజే తెలుసట. ఆ రోజు వాడొచ్చాడు, నేను రాలేదు, వాడొచ్చాడని తెలిసి రాలేదు. నాతో మాత్రం రెండేళ్ళుగా ఒక్కరూ అనలేదు.

నన్ను పీట మీదినుంచి పక్కకు దొర్లించి చాప మీద బోర్లా వేశారు. పిల్లను నా నడుము మీద నిలబెట్టారు. జారకుండా మా చిన్నాన్న కొడుకు దాని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఊగాయ ఊగాయ అంటూ అది నడుము మీద అటూ ఇటూ నడిచింది. మూడో అడుగుకో నాలుగో అడుగుకో ఆ గడియ టక్కుమని తీసుకుంది. అయిపోయింది, దించమన్నాను. పిల్ల దిగనంది. ఇంకా అంది. పాయసం పూర్తిగా అయిపోయేదాకా నా మీద నడిచింది.

మరునాడు ఆఫీసులో పోస్టుమానుకు ఈ సంగతి చెబితే అతను నొచ్చుకున్నాడు. "ఏడు దినాలు కింద కూచ్చోవద్దని ఆమె అంత గట్టిగా అరిచిందిగదా సార్. మీరు కాలవకు కథ చెప్తుండారు. విన్నారేమో అనుకున్నా." వినలేదు. విన్నా ఆదివారం కూర్చునేవాణ్ణే, అది వేరే మాట. కానీ చెప్పాలి గదా.

ఆ పిల్ల ఇప్పుడు పెద్దదయింది. మామ నడుము నేనే బాగు చేశానని చెప్పుకుంటుంది. పాలెం ముసలమ్మ తన్నును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది పోనీ. ఇంట్లో ఏ శుభకార్యమైనా మా చిన్నాన్న కొడుకు నా పక్కనే కూర్చుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఈ కథ తానే చెబుతాడు. సంచి, నూనె, కాలవ, అన్నీ నా దగ్గర విన్నవే. చివరికి వచ్చేసరికి రెండు చేతులూ చాపి చూపించి, ఆ రోజు పిల్లను నేను ఇట్టా పట్టుకోకపోతే అన్న ఇంకా ఆ పీట మీదే ఉండేవాడంటాడు. అందరూ వాణ్ణి మెచ్చుకుంటారు.

నడుము నాది, నొప్పి నాది, తన్నులు నాకే పడ్డాయి. అక్కడ కూడా పేలాలు వాడే పోశాడు.